కీబోర్డు కవర్ గొడుగైన రోజు

ఈ మధ్య మా మరిది కూతురికి ఉద్యోగం వచ్చింది. ఆఫీసువాళ్లు టాబ్లెట్ ఇచ్చారట. "పెద్దమ్మా, దీనికి కీబోర్డు కవర్ కొనుక్కోవాల్నా, వద్దా?" అని ఫోన్ చేసింది. కొనుక్కో అనో, వద్దు అనో చెబితే అయిపోయే ప్రశ్న. నేను ముప్పావు గంట మాట్లాడాను. చివరికి ఆ పిల్ల, "సరే పెద్దమ్మా, నేనే ఆన్‌లైన్ల చూసుకుంట తీయ్" అని ఫోన్ పెట్టేసింది. ఆమెకు సగం చెప్పి వదిలిన సంగతి ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఎవరైనా ఓపికగా చదివితే సంతోషం. మధ్యలో లేచిపోయినా నేను ఏమీ అనుకోను, అలవాటైపోయింది.

సుబేదారిలోని ఒక ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు టైపిస్టుగా పనిచేశాను. తల్లిదండ్రులు లేని పిల్లలను ఎవరి దగ్గర ఉంచాలో తేల్చే కమిటీ ఒకటి మా ఆఫీసులోనే కూర్చునేది. ఆ కమిటీ ముందుకు వచ్చే వాంగ్మూలాలు, పోయే ఆర్డర్లు నా చేతి మీదుగా నడిచేవి. పిల్లల ముఖాలు ఎప్పుడో తప్ప చూసేదాన్ని కాదు. వాళ్ల కథలు మాత్రం వేళ్లకు తెలుసు.

టైపు నేర్చుకున్నది కాశిబుగ్గలో. మేడ మీద ఇన్‌స్టిట్యూట్, కింద మగ్గాలు. కింద మగ్గం చప్పుడు, పైన మా మిషన్ల చప్పుడు. మా మాస్టారు మా చేతుల మీద ఒక తువాలు కప్పేవారు. అక్షరాల వైపు చూడకూడదు, మిషన్లో తిరిగే కాగితం వైపు అసలే చూడకూడదు. చూస్తే స్కేలు దెబ్బ. ఆ దెబ్బల పుణ్యమా అని నేను టైపు కొట్టేటప్పుడు ఎదుటి మనిషి నోటినే చూస్తూ కొట్టేదాన్ని. ఆఫీసర్లు మారారు, మిషన్లు మారాయి, కంప్యూటర్లు వచ్చాయి, తెలుగు అక్షరాల చోట్లు కూడా మారాయి, అవి కొత్తగా నేర్చుకున్నాను. చూడకుండా కొట్టడం మాత్రం మానలేదు. ఆదివారం చర్చిలో కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే కూడా నా వేళ్లు ఒడిలో కదులుతుంటాయని మా ఆయన ఎగతాళి చేసేవారు. నిజం చెప్పాలంటే ఆ విద్య మీద నాకు భక్తి కంటే గర్వమే ఎక్కువ ఉండేది.

సర్వీసు ఇంకో నాలుగు నెలలు ఉందనగా ఆఫీసుకు టాబ్లెట్లు వచ్చాయి. ఊళ్లకు పోయి అక్కడికక్కడే వాంగ్మూలం రాసుకురావాలని. ఒక్కోదానికి ఒక కీబోర్డు కవర్. మడిస్తే పుస్తకంలా ఉంటుంది, విప్పితే చిన్న కంప్యూటర్. ఫీల్డుకు తిరిగే పిల్లలు రెండు రోజులు చూసి ఆ కవర్లన్నీ ఊడదీసి బీరువా మీద పడేశారు. బరువు రెండింతలైందట. బస్సులో నిలబడి పట్టుకోలేమట. మంచం మీద పెడితే వెనక్కి పడిపోతుందట. నేను ఒకటి దించి దుమ్ము తుడిచి నాలుగు లైన్లు కొట్టి చూశాను. మీటలు ఎంత మెత్తగా ఉన్నాయంటే, ఇన్నేళ్లూ నా వేళ్లు రాళ్ల మీద నడిచాయా అనిపించింది. ఆ క్షణమే మనసు పారేసుకున్నాను.

మా ఆఫీసులో ఫీల్డు పని చూసే ఒక అమ్మాయి ఉండేది. కాంట్రాక్టు ఉద్యోగం, పాతికేళ్లు కూడా నిండలేదు. అద్దం మీదే రెండు బొటనవేళ్లతో తెలుగు రాసేది. "దాన్ని టైపు అనరు బిడ్డా, గిచ్చుడంటరు" అనేదాన్ని. ఆమె నవ్వి, "గిచ్చినా పనైతాంది గద మేడం" అనేది. మా ఇద్దరికీ అదొక రోజువారీ సరదా. ఆ అమ్మాయితో కలిసి ఒక్కసారైనా ఊరికి పోయి వాంగ్మూలం కొట్టుకురావాలని నాకు కోరిక పుట్టింది. ముప్పై నాలుగేళ్లూ కుర్చీలో కూర్చున్నదాన్ని, అడగ్గానే ఆఫీసర్ సరే అన్నారు. నా సంబరం చూసి ఎవరైనా పిక్నిక్‌కు పోతున్నాననుకోవాలి.

కేసు చిన్నదే, తొందర పెద్దది. ఎనిమిదేళ్ల పాప. తల్లి ముందే పోయింది. కాశిబుగ్గలో మగ్గం నేసే తండ్రి జబ్బు చేసి ఆ వానాకాలంలో పోయాడు. పాపను హనుమకొండలో ఒక హోంలో ఉంచారు. రఘునాథపల్లి దగ్గర ఉండే మేనత్త, పిల్లను నాకియ్యండని తిరుగుతోంది. కమిటీకి ఒకటే అనుమానం: ఆమె పత్తి చేలల్లో కూలికి పోయే మనిషి, పిల్లను తీసుకుపోయి బడికి పంపుతుందా, పత్తి ఏరడానికి పంపుతుందా? రెండు వాయిదాలు అయిపోయాయి. హోంను మరమ్మతులకు మూసేస్తున్నారు. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి కమిటీ కూర్చునేసరికి మేనత్త వాంగ్మూలం అందకపోతే, మర్నాడు పొద్దున్నే పాపను వేరే జిల్లా హాస్టలుకు పంపే ఆర్డరు సిద్ధంగా ఉంది. మూడో వాయిదా ఇవ్వనని చైర్‌పర్సన్ మేడం తేల్చి చెప్పారు.

పొద్దున తొమ్మిదింటికి ఆ ఇల్లు చేరాం. మేనత్త, ఆమె భర్త ఇద్దరే ఉంటారు. ఆయన తాపీ పనికి పోయాడు. ముందు గదిలో సగం దాకా ఎవరో రైతు దాచుకున్న పత్తి కుప్ప. ఆమె మమ్మల్ని వాకిట్లో నులక మంచం మీద కూర్చోబెట్టింది. నేను టాబ్లెట్ విప్పి పెట్టాను, అది మర్యాదగా వెనక్కి పడుకుంది. మా ఆఫీసు అమ్మాయి పక్కకు తిరిగి నవ్వు ఆపుకోవడం నేను చూశాను. చివరికి మేనత్తే లోపలినుంచి గంప తెచ్చి బోర్లించి, దాని మీద పీట పెట్టింది. అదీ కుదిరింది.

ఇక చూడండి నా వైభవం. మా అమ్మాయి ప్రశ్నలడుగుతోంది, మేనత్త జవాబులు చెబుతోంది, నేను ఆమె ముఖంలోకి చూస్తూ టకటకా కొట్టేస్తున్నాను. ఆమె బిగుసుకుని కూర్చుంది. ఎవరో నేర్పి పంపినట్టు అన్నిటికీ ఒకటే జవాబు. "మంచిగ సూసుకుంట మేడం. బడికి తోలుత మేడం." నేను దాన్ని ఆఫీసు తెలుగులోకి మార్చి, "సదరు బాలికను సక్రమముగా సంరక్షించి పాఠశాలకు పంపగలనని" అంటూ వాయించాను. పావుగంటలో అయిపోయింది. చివర "చదివి వినిపించగా సరియైనదని ఒప్పుకొన్నారు" అని కూడా కొట్టేశాను. చదవలేదు, వినిపించలేదు. ఆ లైను ముప్పై నాలుగేళ్లుగా నా వేళ్లలో ఉంది, తనంతట తానే వచ్చేస్తుంది.

ఆమెకు చేనుకు పోయే ఆటో వచ్చేసింది. నేను ఒక తెల్ల కాగితం తీసి అడుగున సంతకం పెట్టించుకున్నాను. ఆఫీసుకు పోయాక దాని మీద ప్రింటు తీసుకోవచ్చని. ఇలా చేయమని నాకు ఎవరూ చెప్పలేదు. తొందర రోజుల్లో నేనే మొదలుపెట్టుకున్న పాడు అలవాటు. ఆమె మూడక్షరాలు నిదానంగా, వంకర పోకుండా రాసింది.

"మేడం, ఒకసారి సదివి వినిపిద్దామా?" అంది మా అమ్మాయి.

"నా టైపుల తప్పులుండయి బిడ్డా. నడువు" అన్నాను.

ఘనపురం దాటాక హైవే పక్కన టీ తాగడానికి జీపు ఆపారు. నా పనితనం ఇంకోసారి చూసుకుని మురిసిపోదామని టాబ్లెట్ తెరిచాను. పేరు, భర్త పేరు, వయసు, ఊరు. నాలుగు లైన్లు. ఆ కింద అంతా తెలుపు. పైకి జరిపాను, కిందికి జరిపాను. ఎక్కడా ఏమీ లేదు. అద్దం అడుగున తెర మీది కీబోర్డు మాత్రం పరుచుకుని ఉంది. అంటే కవరుతో లంకె ఎప్పుడో తెగింది, నన్ను వాడుకోవమ్మా అని ఈ తెర కీబోర్డు అక్కడ ఎదురుచూస్తూనే ఉంది. చూసే కళ్లు ఏవీ?

కవరును, టాబ్లెట్‌ను కలిపే చోట చిన్న పిన్నులుంటాయి. వాటి మధ్య ఒక దూది పోగు ఇరుక్కుంది. కంటికి ఆననంత పోగు. పావుగంట సేపు నేను ఉత్త మీటల మీద వేళ్లు ఆడించాను. అటువంటి పొరపాటు ప్రపంచంలో చూడకుండా టైపు కొట్టే గర్విష్ఠి మాత్రమే చేయగలదు. అద్దం మీద గిచ్చేవాళ్లు చేయమన్నా చేయలేరు. టీ గ్లాసు పక్కన పెట్టేశాను. "ప్రభువా" అన్నాను.

డ్రైవర్ సంగతి తెలుసుకుని, "ఫికరెందుకు మేడం? సంతకం చేతిల ఉన్నది. మీకు అంత యాదికే ఉంటది. బండిల కూసోని మళ్ల కొట్టుండ్రి" అన్నాడు.

అబద్ధం ఎందుకు, నాకు ఆ సలహా తేనెలా అనిపించింది. దూది పోగు ఊదేసి, కవరు తగిలించి, ఈసారి తెర చూసుకుంటూ మొదలుపెట్టాను. ఆమె చెప్పిన ప్రతి మాటా నాకు గుర్తుంది. ఏడు లైన్లు అయ్యాయి. మా అమ్మాయి టీ గ్లాసు కింద పెట్టి వచ్చి పక్కన నిలబడింది.

"మేడం, ఇది ఆమె మాటనా, మన మాటనా?"

"ఆమె చెప్పిందే కొడ్తాన. నీ వయసంత సర్వీసు నాది" అన్నాను. గొంతు లేచింది.

ఆమె గొంతు పెంచలేదు. "ఎప్పుడన్న కమిటీల మేడం అడిగితే, 'నేను గిట్ల అన్లేదు, నాకెవ్వలు సదివి వినిపియ్యలేదు' అంటదామె. అప్పుడు ఆ పాప గతేంది మేడం?"

కోపంతోనే తెర వైపు చూశాను. ఏడు లైన్లూ చదివాను. సదరు బాలికను సక్రమముగా సంరక్షించి. ఏ మేనత్తయినా, ఏ ఊళ్లోనైనా, ఏ పిల్ల గురించైనా చెప్పినట్టుంది. నేను కమిటీలో ఉంటే ఈ కాగితం చూసి పిల్లను ఇవ్వను. ఆ మాట నాకు నేనే చెప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. టీ చల్లారింది. "బండి తిప్పు అన్నా" అన్నాను డ్రైవర్‌తో. మా అమ్మాయి వైపు చూడలేదు, సిగ్గేసింది.

ఊళ్లో అడిగి చేను పట్టుకునేసరికి పదకొండున్నర. పది మంది ఆడవాళ్లు వరుసల్లో పత్తి ఏరుతున్నారు. జీపు చూడగానే మేనత్త ఒడిలో పత్తితోనే పరిగెత్తుకు వచ్చింది.

"ఏమాయె మేడం? పిల్లకేమన్న అయ్యిందా?"

"పిల్ల మంచిగనే ఉన్నది. తప్పు నాది. పొద్దుగాల నువ్వు చెప్పింది ఒక్క ముక్క ఎక్కలేదమ్మా" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "గంత టకటక కొట్టిండ్రు గద మేడం!" అంది. వెనక ఆడవాళ్లందరూ ఘొల్లుమన్నారు. నాకు కూడా నవ్వు వచ్చింది. నవ్విన తర్వాత ప్రాణం కాస్త కుదుటపడింది.

చేనులో గంప లేదు, పీట లేదు, టాబ్లెట్ పెట్టే చోటే లేదు. కీబోర్డు కవరు అక్కడ ఎందుకూ పనికిరాదు. మా అమ్మాయి దాన్ని ఊడదీసి నా చేతికిచ్చి, టాబ్లెట్ ఒంటిచేత్తో పట్టుకుంది. ఎండకు తెర మీద ఏమీ కనిపించడం లేదు. నేను కవరును విప్పి, ఆ తెరకు నీడ పట్టాను. ముప్పై నాలుగేళ్ల సీనియర్ టైపిస్టును, ఒక పాతికేళ్ల పిల్ల బొటనవేళ్లకు గొడుగు పట్టుకుని నిలబడ్డాను. ఇప్పటికీ తలచుకుంటే నవ్వు ఆగదు.

మేనత్త నిలబడి చెప్పలేకపోయింది. "ఏరుకుంట చెప్పొచ్చునా మేడం? మేస్త్రి సూస్తాండు" అంది. సరే అన్నాం. ఆమె ముందు ఏరుతూ పోతోంది, మేమిద్దరం ఆ సాలులోనే వెంట నడుస్తున్నాం. మా అమ్మాయి ఒక మాట అడుగుతుంది, మేనత్త జవాబు చెబుతుంది, బొటనవేళ్లు ఆ జవాబును ఎక్కించడానికి సమయం పడుతుంది. ఎక్కినంత ఎక్కగానే నేను పైకి చదువుతున్నాను. ఆలోగా మేనత్త ఖాళీగా ఉండలేక ఇంకో మాట అంటోంది. పొద్దున నేను ఆమెకు అంత ఖాళీ ఇవ్వలేదు. ఆమె వాక్యం ముగియక ముందే నా వేళ్లు ఫుల్‌స్టాప్ దగ్గర కాచుకుని ఉండేవి.

"ఆదివారం ఆదివారం బస్సెక్కి హోంకు పోతాన మేడం" అంది. "పిల్లకు బల్లులంటే భయం. మా ఇంట్ల బల్లులు జాస్తి. గందుకే మొన్న గోడలకు సున్నమేసిన."

మా అమ్మాయి రాస్తోంది. మేనత్త చేతులు కాయల మీద ఆడుతూనే ఉన్నాయి.

"రాత్రి నిద్రకు పండేటప్పుడు ఎవలదన్న చెవు పట్టుకోవాలె దానికి. చిన్నప్పటిసంది గంతే. వాళ్ల నాయిన చెవు పట్టుకునేది. హోంల ఎవల చెవు పట్టుకొని పంటాందో ఏమో."

నేను కవరు పట్టుకున్న చెయ్యి మార్చుకున్నాను. కళ్లు తుడుచుకోవడానికి ఇంకో చెయ్యి కావలసి వచ్చింది.

బడి హెడ్మాస్టరుతో మాట్లాడానని చెప్పింది. నాలుగింటికి బడి వదులుతారు కాబట్టి తాను మూడున్నరకే చేలోనుంచి లేస్తానని మేస్త్రిని ఒప్పించుకుందట. సెలవుల్లో పిల్లను అంగన్‌వాడీ టీచరమ్మ ఇంట్లో ఉంచుతుందట. అన్నీ రాసి, చదివి వినిపించాం. రెండు చోట్ల కాదంటే దిద్దాం. ఇక సంతకమే అనుకుంటుండగా ఆమె ఆగింది. మొదటిసారి ఆమె చేతులు ఏరడం మానేశాయి.

"ఇంకోటి ఉన్నది. పోయినేడు దసరా సెలవులల్ల మా తమ్ముడు పిల్లను మా ఇంటికి తోలిండు. రెండు దినాలు నా ఎంబడి చేనుకు తీస్కచ్చిన. ఒడి కట్టుకోని పిడికెడు పత్తి ఏరింది. నేను వద్దన్లే. ముద్దుగ అనిపిచ్చింది. గిది గూడ రాయుండ్రి."

మా అమ్మాయి బొటనవేళ్లు ఆగిపోయాయి. నా వైపు చూసింది. కమిటీ భయపడుతున్నది సరిగ్గా ఇదే. ఈ ఒక్క లైను రాస్తే పిల్ల హాస్టలుకు పోవచ్చు. "ఎందుకమ్మా, అది ఎవరూ అడగలేదు" అన్నాను.

"అడగకుంటే ఏంది మేడం? రేపు ఎవలన్న చెప్తే, నేను దాచిపెట్టినట్టైతది. అప్పుడు పిల్లను మళ్ల గుంజుకపోతరు. ఒక్కసారి వచ్చినంక మళ్ల పోవద్దు అది. రాయుండ్రి."

రాశాం. అదే మాటల్లో. ఒక్క 'సదరు' కూడా లేదు. కీబోర్డు కవరును మూసి అట్టగా కింద పెడితే, దాని మీద కొత్త కాగితాలు పెట్టి, మా అమ్మాయి ఆ వాంగ్మూలాన్ని అక్కడే చేత్తో దించింది, ఆమె సంతకం చేసింది. పొద్దుటి తెల్ల కాగితాన్ని నేను తీసి ఆమె కళ్ల ముందే చింపేశాను. ఎందుకు చింపుతున్నానో ఆమెకు అర్థం కాలేదు. మా అమ్మాయికి అర్థమైంది, ఏమీ అనలేదు. ఆ మౌనానికి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

మేనత్తను కూడా జీపులో ఎక్కించుకున్నాం. ఆఫీసు చేరేసరికి నాలుగుకు పది నిమిషాలు.

చైర్‌పర్సన్ మేడం కఠినమైన మనిషి. వాంగ్మూలం తీసుకుని పైకి చదవడం మొదలుపెట్టారు. బల్లుల దగ్గర ఆమె పెదవి కొంచెం కదిలింది. చెవి దగ్గర గొంతు నెమ్మదించింది. దసరా సెలవుల లైను దగ్గరికి వచ్చి ఆగిపోయారు. కళ్లద్దాలు తీసి మేనత్తను చూశారు. 

"ఇది నువ్వే చెప్పావా? వీళ్లు అడిగారా?"

"నేనే చెప్పిన మేడం. వీళ్లు వద్దన్నరు" అంది మేనత్త. నేను బల్ల కింద దూరిపోదామనుకున్నాను.

చైర్‌పర్సన్ మేడం నా వైపు ఒక్క చూపు చూశారు. తర్వాత మిగతా సభ్యులతో రెండు నిమిషాలు మాట్లాడారు. "ఈ కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి అందరూ 'మంచిగా చూసుకుంటాను' అనే చెప్పారు. తన తప్పు తనే రాయించుకున్న మనిషిని ఈ రోజే చూస్తున్నాను" అని, పాపను పిలిపించమన్నారు.

పాప వచ్చింది. రెండు జడలు, చేతిలో బట్టల సంచి. పొద్దుటి నుంచీ సంచి సర్దుకుని గేటు దగ్గరే కూర్చుందని, ఎవరు చెప్పినా దించలేదని వెంట వచ్చిన హోం ఆయమ్మ చెప్పింది.

కొత్త ఉద్యోగాల పిల్లలూ, మీకు కీబోర్డు కవరు గురించి చెప్పాల్సింది ఇంతే. బల్ల ముందు కూర్చుని పేజీలకు పేజీలు కొట్టేవాళ్లయితే తప్పకుండా కొనుక్కోండి, చేతులకు అంత సుఖం ఇంకొకటి లేదు. అద్దానికి గీతలు పడవు, కిందపడితే దెబ్బ తగలదు, అవసరమైతే అట్ట అవుతుంది, ఎండలో గొడుగవుతుంది. మనుషుల మధ్య తిరిగే పనయితే మాత్రం ఇంటి దగ్గర వదిలి పొండి. బరువు సంగతి అలా ఉంచండి, పిన్నుల్లో దుమ్ము సంగతి కూడా అలా ఉంచండి. అది మిమ్మల్ని ఎదుటి మనిషి కంటే వేగంగా నడిపిస్తుంది. కొన్నా కొనకపోయినా, రాసింది చదివి వినిపించకుండా లేవకండి.

ఆ సాయంత్రం ఆర్డరు నేనే కొట్టాను, పాత కంప్యూటర్ మీద, ప్రతి అక్షరమూ తెర మీద చూసుకుంటూ. చైర్‌పర్సన్ మేడం దాన్ని చదివి వినిపించారు. తాత్కాలిక సంరక్షణ, నెలకోసారి తనిఖీ, నిబంధనలకు లోబడి అంటూ ఒక పేజీ ఉంది. మేనత్త అంతా శ్రద్ధగా విని, ఏమీ అర్థం కాక, భయం భయంగా మా అందరి ముఖాలూ చూసింది.

"గట్లంటే, ఇయ్యాల రాత్రి పిల్ల ఏడ పంటది మేడం?"

"మీ ఇంట్లోనమ్మా" అన్నారు చైర్‌పర్సన్ మేడం.

మేనత్త అక్కడే నేల మీద కూలబడి ఏడుపు అందుకుంది. మా అమ్మాయి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు. ఏడవనిది ఒక్క పాపే. అప్పటికే సంచి నెత్తికెత్తుకుని గుమ్మం దాటింది. అక్కడి నుంచి వెనక్కి తిరిగి మా అందరినీ విసుగ్గా చూసి, "లే అత్తమ్మా, నడువు. బస్సు పోతది" అంది.